మెట్టె తీసిన కాలు

ఈమధ్య మా వీధిలో ఒకావిడ వచ్చి, చెప్పు విడిచి, కాలు నా ముందు చాపి పెట్టింది. బొటనవేలి మొదట్లో నిమ్మకాయంత బుడిపె. "నీకు కోసిన్రంట గదా అక్కా, నేను కోయించుకోవాల్నా వద్దా, ఒక్క మాట చెప్పు" అన్నది. ఆ ఒక్క మాట నేను చెప్పలేకపోయాను. చాయ్ పెట్టి ఇచ్చి పంపించాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుని వెళ్లింది. ఆమె పోయాక నా మీద నాకే కోపం వచ్చింది. పడ్డదాన్ని నేనే చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు? అందుకని రాయడానికి కూర్చున్నాను. కోత గురించి నాకు తెలిసింది తక్కువ, ఆ కాసేపూ మత్తులో ఉన్నాను. కోయించుకోవాలా వద్దా అని పడ్డ గుంజాటన గురించైతే ఎంతైనా రాయగలను.

1947, వానలు వెనకబడ్డాక

మాది సూర్యాపేట. ఇంట్లో నేను, మా ఆయన నర్సింహం, మా అత్తమ్మ, నాలుగేళ్ల మా సరోజ. మా ఆయన గ్రంథాలయం నడిపేవాడు. గ్రంథాలయమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, రెండు బీరువాలు, బెజవాడ వైపు నుంచి బస్సులో వచ్చే తెలుగు పేపరు. చదువు రానివాళ్లకు అరుగు మీద కూర్చుని ఆ పేపరు చదివి వినిపించేవాడు. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆయనే. నేను ఇంట్లో కుట్టుమిషను మీద రవికలు కుట్టేదాన్ని.

కాలి బుడిపె మా అమ్మకూ ఉంది, అమ్మమ్మకూ ఉండేదట. పెళ్లినాటికి నాది శనగగింజంతే. మిషను తొక్కీ తొక్కీ పెంచుకున్నావని అత్తమ్మ సాధించేది. ఏది ఏమైనా ఆ ఏడు అది పెరిగి పెద్దదైంది. బొటనవేలు పక్కకు ఒరిగి రెండో వేలి కిందికి దూరింది. రెండో వేలు గూని ముసలమ్మలాగా నడుం వంచి పైకి లేచింది. ఆ వేలికే మెట్టె. పెళ్లిలో తొడిగిన వెండి మెట్టె, కణుపు వాచి అక్కడే ఇరుక్కుపోయింది. ఆవాలు నూరి పట్టు వేశాం, ఇటుక కాచి కాపడం పెట్టాం, జిల్లేడాకు కట్టాం. కట్టినప్పుడల్లా తగ్గినట్టే ఉండేది, తెల్లారి మిషను ముందు కూర్చుంటే మళ్లీ మొదటికొచ్చేది.

ఆ రోజుల్లోనే గ్రంథాలయం మీద సర్కారు కన్ను పడింది. పేపరు చదివి వినిపించినందుకు మా ఆయన పేరు మీద వారంటు పుట్టింది. ఒక మధ్యాహ్నం గబగబా వచ్చి, నిలబడే నాలుగు ముద్దలు తిని, "వారంల వస్త, పరేషాన్ గాకు" అని చెప్పి కోదాడ వైపు వెళ్లిపోయాడు. కోదాడలో ఆయన అక్క ఉంది. దారిలోనే మునగాల ఇలాకా, అది నిజాం రాజ్యంలోది కాదు, అందులో అడుగుపెడితే నిజాం పోలీసులు రారు. అక్కడి నుంచి బెజవాడ. మొదట్లో ఆయన్ను బెజవాడలో చూశామని దారిన పోయేవాళ్లు చెప్పేవారు. తర్వాత ఆ మాట కూడా ఆగిపోయింది.

1948, మాఘమాసం

ఊళ్ల మీద నిజాం తరఫు గుంపులు పడుతున్నాయని రోజూ వింటున్నాం. లారీ చప్పుడు వినిపిస్తే చాలు, వంట వంటలాగే వదిలేసి ఊరి చివరి జొన్నచేలలోకి పరుగెత్తేవాళ్లం. ఒకరోజు దీపాలు పెట్టే వేళ అట్లాగే చప్పుడైంది. సరోజను చంకనేసుకుని నేను, నా ముందు అత్తమ్మ, ఇంకా ముందు వీధి వీధంతా. పది గజాలు పోయేసరికి కాలిలో నిప్పు పెట్టినట్టయింది. వేళ్లు ఒకదాని మీద ఒకటెక్కి కాలు ఆనడం లేదు. అందరూ నన్ను దాటిపోయారు. అత్తమ్మ వెనక్కి తిరిగి చూసి, పరుగున వచ్చి పిల్లను నా చంకలోంచి గుంజుకుని మళ్లీ పరుగెత్తింది. పరుగెత్తుతూనే "రావే రుక్కమ్మా, రావే" అని అరుస్తోంది.

నేను చేను గట్టు దాకా కూడా పోలేదు. అక్కడే తుమ్మచెట్టు వెనక కూలబడ్డాను. ఆ లారీ బియ్యం మిల్లు లారీ. తర్వాత అందరం నవ్వుకున్నాం. "రుక్కమ్మను నమ్ముకుంటే లారీ కింద పడుడే" అని అత్తమ్మ వీధి వీధికీ చెప్పి నవ్వించింది. నేనూ నవ్వాను. కానీ ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. పిల్లను ఎత్తుకుని ఎంత దూరం పోగలను, ఎక్కడ కూలబడతాను, నన్ను వదిలి వీళ్లు పోతారా, పోకపోతే నా మూలంగా వీళ్లేమవుతారు? రవిక కుడుతున్నా అదే ఆలోచన.

1948, ఎండలు ముదిరాక

మిర్యాలగూడలో ఒక డాక్టరు ఉన్నాడని, యుద్ధంలో సిపాయిల కాళ్లకు కోతలు చేసి వచ్చాడని కోదాడ నుంచి మా అనసూయ వదినె కబురు పంపింది. మా ఆయన అక్కే ఆమె. పట్నం పోయే రోజులు కావు కనుక, అత్తమ్మా నేనూ సరోజా బండి కట్టించుకుని మిర్యాలగూడ పోయాం.

ఆ దవాఖాన అరుగు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. బల్లలు నిండిపోయి జనం గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నారు. నిడమనూరు నుంచి వచ్చిన ఒక గొల్లాయన చేతికి కట్టు కట్టుకుని ఉన్నాడు. చెయ్యి సంగతి మరిచిపోయి, తన గొర్రెలను తమ్ముడు సరిగా మేపుతున్నాడో లేదో అని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు. లోపల నుంచి ఎవరో మూలిగినప్పుడల్లా అందరం మాటలు ఆపేసేవాళ్లం. లేచిపోదామని రెండుసార్లు అత్తమ్మ కొంగు లాగాను.

నా పక్కన ఒక పెద్దావిడ బుర్ఖా ముసుగు పైకి తీసి విసనకర్రతో విసురుకుంటోంది. పేరు ఖాసింబీ, ఆ వీధిలోనే ఇల్లు. షుగరు పుండు కట్టు మార్పించుకోవడానికి రోజూ వస్తుంది. నా కాలు చూసి తను కూర్చున్న ముక్కాలి పీట నా కాలి కిందికి తోసింది. "జర మీదికి పెట్టు బేటీ, గుంజుడు తగ్గుతది" అన్నది. తను నేల మీద కూర్చుంది. బయట ఆ రోజుల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి భయపడుతున్నారు. ఆ పీట మీద కాలు పెట్టుకుంటే నాకు ఏడుపొచ్చింది.

డాక్టరు కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "అమ్మా, ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. కోయకపోయినా నడుస్తరు. ఏటేటా జర తక్కువ నడుస్తరు. కోస్తే నెలన్నర కాలు కింద పెట్టొద్దు. తర్వాత మంచిగ నడుస్తరనే అనుకుంటున్న."

ఆ 'అనుకుంటున్న' నా గుండెలో గుచ్చుకుంది. "ఆ నెలన్నరల ఉరకాల్సి వస్తే?" అని అడిగాను.

"దానికి నా దగ్గర మందు లేదమ్మా" అన్నాడు. "ఆలోచించుకోని రాండ్రి. కోసినా కోయకపోయినా ముందు ఆ మెట్టె తీయాలె. దాని కింద పుండు పడుతున్నది."

మెట్టె అనగానే అత్తమ్మ సరోజ చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. దారి పొడుగునా నాతో మాట్లాడలేదు.

ఇంటికి వచ్చాక మొదలైంది. "నా కొడుకు ఏడున్నడో, తిన్నడో లేదో తెల్వదు. నువ్వు మెట్టె తీస్తనంటవా? మొగుడు పోయినంక తీసేటియి అవి. నాయి తీసిన్నాడు నేను సూసిన, నీకేం తెలుసు?" అన్నది. ఆమె మెట్టెలు తీసిన నాటికి మా ఆయనకు పాలపళ్లు కూడా ఊడలేదట. ఆ మాట అని ఆమె పొయ్యి ముందుకు పోయి కూర్చుంది. నేను మెట్టె గురించి వాదించలేదు. వాదించడానికి నాకే ధైర్యం లేదు. అక్షరాలు వచ్చినా, పేపరు చదివినా, ఆయన కబురు లేని రోజుల్లో మెట్టె తీయడానికి నాకూ చెయ్యి రాదు. లోపల మాత్రం లెక్క తెగడం లేదు. కోయించుకుంటే నెలన్నర పాటు కదల్లేను, ఆ నెలన్నరలోనే గుంపు వస్తే? కోయించుకోకపోతే ఎప్పుడు వచ్చినా ఇట్లాగే తుమ్మచెట్టు వెనక కూలబడాలి. పొద్దున ఒకటి అనుకునేదాన్ని, మాపటికి ఇంకొకటి. పగలు నా మొహం చూసి చూసి సరోజ కూడా నిద్రలో ఉలిక్కిపడేది.

ఆషాఢం

పుండు చీము పట్టింది. జ్వరం వచ్చింది. ఇక అత్తమ్మే బండి కట్టించింది.

డాక్టరు మెట్టె కోయడానికి అవుసులాయనను, అదే కంసాలిని, పిలిపించాడు. ఆయన చిన్న రంపం తెచ్చుకుని నా కాలి దగ్గర కూర్చున్నాడు గాని చెయ్యి వేయలేదు. నా నుదుటి బొట్టు చూశాడు, అత్తమ్మ బోసి నుదురు చూశాడు. "పెద్దమ్మా, ముత్తైదువ మెట్టె. నువ్వు నీ నోటితోని చెప్తేనే కోస్త" అన్నాడు. డాక్టరు విసుక్కున్నాడు. అవుసులాయన కదల్లేదు. అత్తమ్మ గోడ వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కొయ్యి" అన్నది. ఆ మాట అనడానికి ఆమె ఎంత సేపు తీసుకుందో! రంపం చప్పుడుకు నా పళ్లు గిట్టకరుచుకున్నాయి. నొప్పికి కాదు, భయానికి.

ఒక కాలికి ఉండి ఒక కాలికి లేకపోవడం మరీ చెడ్డదని అత్తమ్మ రెండో కాలి మెట్టె తనే తీసింది. రెండూ కొంగున ముడి వేసుకుంది. పుండు మానాక కోత సంగతి చూద్దామని, అప్పటిదాకా కాలు ఎత్తి పెట్టుకోమని డాక్టరు పంపించేశాడు.

మూసీ దాటి నేరేడుచర్ల మీదుగా తిరిగొచ్చాం. బండిలో నన్ను పడుకోబెట్టి కాళ్లు వెనక వైపు గడ్డి మోపు మీద పెట్టారు. తుంపర పడుతుంటే గొంగడి తల మీదికి లాక్కున్నాను, సరోజ నా పక్కన అందులోనే ముడుచుకుని నిద్రపోయింది. అత్తమ్మ బండి ముందు వైపు కూర్చుని దారంతా కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. నేరేడుచర్లలో సంత. జనం మధ్య బండి మెల్లగా కదిలింది. ఎవరైనా పలకరిస్తారేమో అనుకున్నాను, ఎవరూ పలకరించలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున నేను వెనక వసారాలో కాలు పీట మీద పెట్టుకుని బియ్యం ఏరుతున్నాను. వీధి మొదట్లో శోకం వినిపించింది. ఆడమనిషి గొంతు. "ఓ నా తమ్ముడా, ఓ నా తండ్రీ" అంటూ దగ్గరికొస్తోంది. ఎవరి ఇంటికో అనుకున్నాను. మా వాకిట్లో ఆగింది. అనసూయ వదినె గొంతు.

చాట ఎక్కడ పడిందో తెలియదు. లేచి కాలు నేల మీద పెట్టాను, అక్కడే పడ్డాను. గోడ పట్టుకుని లేచి మళ్లీ పడ్డాను. ముందు గదిలోంచి అత్తమ్మ గుండెలు బాదుకుంటున్న చప్పుడు, ఇరుగుపొరుగు పరుగున వస్తున్న అడుగులు, సరోజ ఏడుపు. అందరూ అక్కడున్నారు. నేను నడిమింట్లో దేకుతున్నాను. నా మొగుడి చావు కబురుకు అందరికంటే వెనక నేను పోతున్నానని ఆ దేకుతున్నప్పుడే అనుకున్నాను. ఆ బాధ ఎవరికీ వద్దు.

నేను గడప దాటేసరికి ఎదురింటి ముసలామె వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని గాజుల వైపు చూసింది. ఎందుకు చూసిందో నాకు తెలుసు. చేతులు విదిలించుకుని వదినె మీద పడ్డాను. "ఏడ వదినె? ఎప్పుడు? ఎవరు సూసిన్రు?"

వదినె ఏడుస్తూనే నా మొహంలోకి చూసింది. "నన్ను అడుగుతావేంటే? కబురు మీకే గదా వచ్చింది?"

"మాకేం కబురు రాలే. నువ్వే గదా ఏడ్సుకుంట వచ్చినవ్?"

ఏడుపు ఆగింది. అత్తమ్మ కూడా గుండె మీద చెయ్యి అట్లాగే పెట్టి ఆగిపోయింది. వదినె ముక్కు తుడుచుకుని చెప్పింది. "మా వీధి సుబ్బమ్మ నేరేడుచర్ల సంతలో మిమ్మల్ని చూసిందంట. అమ్మ ముందు కూర్చుని ఏడుస్తా ఉందంట. వెనకాల గొంగడి కింద నువ్వు పడుకుని ఉన్నావంట. కాళ్లు బయటికి ఉన్నాయంట. మెట్టెలు లేవంట. ఇంకేం అనుకోవాలి?"

"మరి అడగొద్దా?" అన్నది అత్తమ్మ.

"అట్లాంటి కబురు దారిలో అడుగుతారా ఎవరైనా? వచ్చి మాకు చెప్పింది. నేను పడి బస్సెక్కి వచ్చా."

అత్తమ్మ కొంగు ముడి విప్పి మెట్టెలు రెండూ అందరి ముందూ అరచేతిలో పెట్టి చూపించింది. "కాలు పుండు పడితే డాక్టరు తీయించిండు. నా కొడుక్కేం కాలే" అన్నది. అని, వెంటనే వదినెను తిట్టడం మొదలుపెట్టింది. ఎన్ని తిట్లు తిట్టిందో! వదినె తిట్లన్నీ తింటూ మధ్యమధ్యలో నవ్వుతోంది, మళ్లీ ఏడుస్తోంది. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే జారుకున్నారు. ఎదురింటి ముసలామె మాత్రం పోతూ పోతూ నా గాజులు ఒకసారి నిమిరింది.

నాకు ప్రాణం లేచొచ్చిందని అనాలి. కానీ పూర్తిగా లేచిరాలేదు. ఆయన చనిపోలేదని కూడా ఎవరూ చెప్పలేదు గదా! పొద్దున ఏం తెలియదో మధ్యాహ్నానికీ అదే తెలియదు. నడుమ మాత్రం నేను విధవనై మళ్లీ ముత్తైదువనయ్యాను.

ఆ మాపు వదినె అన్నం తింటూ, "పోయాడని పుకారు పుడితే మనిషికి ఆయుష్షు పెరుగుద్దంట అమ్మా" అన్నది. అత్తమ్మ తింటున్నదల్లా ఆగింది. చెయ్యి కడుక్కుని వచ్చి నా కాలి దగ్గర కూర్చుంది.

"మెట్టె తీసుడైంది, ఏడ్సుడైంది. ఇగ వానికి ఏ గండం లేదు, అన్నీ గడిచినయి" అన్నది. "పుండు మానంగనే కోయించుకో."

నేను అప్పటికే నిశ్చయించుకున్నాను. ఆమె లాగా ఆయుష్షు లెక్క చూసి కాదు. ఆ పొద్దున నడిమింట్లో దేకిన దేకుడు చూసి. గుంపు వస్తే ఏమవుతుందో దేవుడికెరుక, కానీ నా ఇంట్లో, నా గడప దాకా కూడా పోలేని కాలు నాకొద్దు. అయినా అత్తమ్మ మాట విన్నాక గాని నిద్ర పట్టలేదు. ఆమె లెక్క తప్పని నేను ఎంత అనుకున్నా, ఆ లెక్కే నిజం కావాలని మొక్కుకున్నాను.

శ్రావణం

కోత గురించి ముందే చెప్పాను, నాకేమీ తెలియదు. ముక్కు మీద గుడ్డ వేసి ఏదో తియ్యటి వాసన పీల్చమన్నారు. మళ్లీ లేవనేమో అన్న భయంతో సరోజ పేరు పలుకుతూ పలుకుతూ పడిపోయాను. లేచేసరికి కాలు దిండంత కట్టులో ఉంది, నోరంతా చేదు. నొప్పి రాత్రికి వచ్చింది. మొదటి మూడు నాలుగు రోజులు నన్నెందుకు కోయనిచ్చారని అత్తమ్మను తిట్టాను. ఆమె వింది. నా జన్మలో ఆమె నోరు మూసుకుని విన్నది ఆ రోజుల్లోనే.

కట్టు మార్పించుకోవాలి కనుక సూర్యాపేట పోవడానికి లేదు. ఖాసింబీ తన ఇంటి వెనక గది ఇచ్చింది. కిరాయి మాట ఎత్తితే కోప్పడింది. ఆమె పొద్దున తన కట్టు చూపించుకుని వచ్చి, నా మంచం పక్కన కూర్చుని, మా ఇద్దరి కాళ్లలో ఎవరిది బాగుందో సరోజను చెప్పమనేది. సరోజ ఎప్పుడూ ఖాసింబీదే బాగుందనేది. ఎందుకంటే ఆమె దగ్గర చక్కెర బిళ్లలుండేవి, ఆమె తినకూడనివి.

భాద్రపదం

వినాయకచవితి వెళ్లిన వారానికి యుద్ధమని వీధంతా గగ్గోలు. బెజవాడ వైపు నుంచి ఇండియా పటాలాలు వస్తున్నాయన్నారు, కోదాడ దగ్గర ఫిరంగులు పేలాయన్నారు, పారిపోతున్న గుంపులు ఇటే వచ్చి దోచుకుంటాయన్నారు. ఏది నిజమో తెలియదు. వీధి వీధంతా మూటలు కట్టుకుని వాడపల్లి వైపు బయల్దేరింది, కృష్ణ దాటితే అవతల క్షేమమని. నా కాలు కింద పెట్టడానికి ఇంకా చాలా రోజులుంది.

ఏడాదిగా నేను దేనికి భయపడ్డానో అదే వచ్చి వాకిట్లో నిలబడింది. నేను కోయించుకోవడం వల్లే వచ్చిందనిపించింది. అత్తమ్మను పిలిచి, "పిల్లను తీస్కోని పో. నేను తలుపేసుకుంట" అన్నాను. ఆమె మూట కట్టింది. సరోజను చంకనేసుకుంది. పిల్ల నా వైపు చేతులు చాపి ఏడుస్తుంటే నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. తలుపు చప్పుడైంది. పిల్ల ఏడుపు వీధి చివరి దాకా వినిపించి ఆగిపోయింది.

అప్పుడు నాకు కలిగిన భయం ఎట్లాంటిదో చెప్పలేను. పొమ్మన్నది నేనే. పోయినందుకు కోపం, పోయి బతుకుతారన్న నిమ్మళం, ఒంటరిదాన్నయ్యానన్న దిగులు, అన్నీ ఒక్కసారే. మంచం పట్టె గట్టిగా పట్టుకుని పడుకున్నాను.

ఎంతసేపైందో, తలుపు తోసుకుని అత్తమ్మ వచ్చింది. చంకలో పిల్ల. వెనకే ఖాసింబీ, వీధి తలుపుకు గొళ్లెం వేసి వచ్చింది. ఆమె ఎక్కడికి పోతుంది? గుంపుకు మేం భయపడితే, వచ్చే పటాలానికి ఆమె భయపడుతోంది.

"ఎందుకొచ్చినవ్?" అని అరిచాను.

అత్తమ్మ మూట మూలకు విసిరేసింది. "ఏడికి పోతం? మన కాలు ఇంక మానకపాయె. కదలొద్దని డాక్టరు చెప్పలేదా?" అన్నది, తన కాలే కోసినట్టు.

ఆ గదిలో మూడు పొద్దులు ముగ్గురం ఆడవాళ్లం, ఒక పిల్లా ఉన్నాం. ఖాసింబీ గొణుగుతూ నమాజు చదివేది, అత్తమ్మ గొణుగుతూ నర్సింహస్వామిని తలుచుకునేది. ఇద్దరిలో ఒకరు వణికితే రెండో వాళ్లు మంచినీళ్లు ఇచ్చేవారు. బయట లారీలు పోయాయి, ఆగకుండా పోయాయి. మా తలుపు ఎవరూ తట్టలేదు. మూడో రోజు డాక్టరు గారి భార్య గోడ అవతల నుంచి కేకేసి అంతా అయిపోయిందని చెప్పింది. వాడపల్లి పోయినవాళ్లు వానలో తడిసి, జ్వరాలతో తిరిగొచ్చారు.

మొన్న కాలు చూపించిన ఆవిడకు నేను చెప్పాల్సింది ఇదేనేమో. కోయించుకో, వద్దు అని కాదు. కాలు కింద పెట్టకూడని ఆ రోజుల్లో నీ మంచం పక్కన ఎవరుంటారో ముందు అది చూసుకో అని. నా వేలు ఇప్పుడు కొంచెం పొట్టిది, సరిగా వంగదు, చలికాలం సలుపుతుంది. మిషను తొక్కుతున్నాను.

పెత్రమాస, పెద్దల అమావాస్య ముందర

మా ఆయన వచ్చాడు. ఎండి సగమైపోయాడు గాని బతికే వచ్చాడు. కోదాడలో వదినె ఆయన్ను కూర్చోబెట్టి శోకాల కథంతా చెప్పి, అంత ఏడిపించినందుకు వీపు మీద రెండు దెబ్బలు కూడా వేసిందట. అత్తమ్మ మాత్రం కొడుకును చూసి ఏడవలేదు. తన లెక్క ఎప్పుడో చెప్పానన్నట్టు నా వైపు చూసింది.

ఆ వారంలోనే కట్టు విప్పారు. డాక్టరు గదికే వచ్చి, "లేవండమ్మా, నడవండి" అన్నాడు. నాకు కాలు నేల మీద పెట్టడానికి ధైర్యం చాలలేదు. మా ఆయన చెయ్యి ఇవ్వబోతే అత్తమ్మ ఆపింది. మెల్లగా పెట్టాను. ఆనింది. గుచ్చుకోలేదు. ఒక అడుగు, ఇంకో అడుగు. గది దాటాను, ఖాసింబీ వసారా దాటాను, వీధి తలుపు దాకా పోయి నిలబడ్డాను. వీధిలో ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. ఎవరూ పరుగెత్తడం లేదు.

"ఆగినవేంది? ఇంక పో" అన్నది వెనక నుంచి అత్తమ్మ.

ఏడాది పాటు నడక అంటే నాకు పారిపోవడమే. ఎటు వైపు, ఎంత దూరం, పిల్లను ఎవరెత్తుకోవాలి అనే లెక్కలే తప్ప ఇంకో ఆలోచన లేదు. ఇప్పుడు కాలు బాగుంది, వెనక తరిమేవాళ్లు లేరు, అందరూ నేను నడవాలని చూస్తున్నారు. నాకు ఎటు పోవాలో తెలియలేదు. తిరిగి వచ్చి మంచం మీద కూర్చుని, సరోజను ఒళ్లోకి లాక్కుని, ఏడాదికి సరిపడా ఏడ్చాను.